బొట్టు లేని బోల్టు

"ఇంగేం చూసేది ఉండాదమ్మా? సంతకం పెట్టు" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కుప్పుస్వామి.

గురప్ప ఇంటి వసారాలో నులకమంచం మీద పేలిన రైఫిలు ఉంది. దాని పక్కన ఒక కాగితం, కాగితం ఎగిరిపోకుండా ఇన్‌స్పెక్టర్ టోపీ. అందులో నాలుగు వాక్యాలే ఉన్నాయి. చిత్తూరులో తుపాకుల రిపేరు షాపు నడుపుతున్న జ్ఞానాంబ అనే నేను, చింతమాకులపల్లె గురప్ప కొనుక్కున్న పాత రైఫిలును దుర్గాష్టమి నాడు పరీక్ష చేసినాను. కాల్చడానికి భయం లేదని చెప్పి ఇచ్చినాను. దాని బోల్టులో పగులు ఉండింది. అది నా కంటికి ఆనలేదు.

జ్ఞానాంబ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

బోల్టంటే తూటాను వెనకనుంచి మూసి పట్టుకునే ఇనప గడియ. నిన్న, దశమి పొద్దున ఆరూ నలభైకి గురప్ప ఆ రైఫిలుతో మొదటి గుండు కాల్చాడు. గడియ విరిగి వెనక్కి వచ్చి కుడికంట్లో దిగింది. ఏడు కొట్టకముందే ప్రాణం పోయింది. చీకటిపడే లోపల దహనం కూడా అయిపోయింది.

"చూడకుండా పెట్టను సార్" అంది జ్ఞానాంబ.

"అష్టమి నాడు చూసినావు గదా! బియ్యంలో రాళ్ళేరినట్టు చూసింటావు. ఒక రాయి తప్పిపోయింది. ఆ మాటే రాసినా." ఇన్‌స్పెక్టర్ స్తంభానికి ఆనుకున్నాడు. "మీ ఆయన రాజారత్నమాచారి ఉన్నన్నాళ్ళూ ఆయన కండ్లు ఉండె. ఇప్పుడు నీవి. యాభై దాటినాయి గదా?"

"యాభై రెండు."

"నేను చెప్పేదీ అదే."

ఆయన కోపం పోయిన ఏడాది నాటిది. ఒక హత్య కేసులో 'పేలిన తుపాకి ఇదే' అని ఆయన పంపిస్తే, దాని గొట్టం లోపల సాలీడు కట్టిన గూడు చెక్కుచెదరలేదని ఆమె రాసిచ్చింది. జిల్లా ఆఫీసులో నలుగురూ నవ్వారు. ఆ నవ్వు కుప్పుస్వామి మర్చిపోలేదు.

సంతకం పెడితే షాపు లైసెన్సు పోతుంది. అంతకన్నా, ఒక మనిషిని తన కళ్ళే చంపాయని ఒప్పుకున్నట్టు అవుతుంది. నిన్న కబురు తెలిసినప్పటినుంచి జ్ఞానాంబ మనసులో ఆ రైఫిలును పదిసార్లు విప్పి పదిసార్లు బిగించింది. 'నేను సరిగ్గా చూసినానా లేదా?' అని ఖాళీ ఇంట్లో పైకే అడిగింది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ప్రశ్నకు జవాబు వచ్చేది లేదు. అన్నం గిన్నె మీద మూత పెడితే ఆ చప్పుడే పెద్దది.

అష్టమి నాడు సాయంత్రం నాలుగింటికి గురప్ప, అతని భార్య మునిలక్ష్మి రైఫిలు తీసుకుపోవడానికి, జ్ఞానాంబ ఇంటి ముందుగదిలో ఉన్న షాపుకు వచ్చారు. పరీక్ష పొద్దున్నే అయిపోయినా, గురప్ప ఎదుట జ్ఞానాంబ మళ్ళీ మొదటినుంచి చేసి చూపింది. ముందు లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమింది. బోల్టు ఊడదీసి గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి చూసింది. తుప్పు గుంటలు లేవు, ఉబ్బు లేదు. బోల్టును కిరసనాయిల్లో ముంచి తీసి, శుభ్రంగా తుడిచి, ముగ్గుపిండి చల్లింది. వెంట్రుకంత పగులు ఉన్నా లోపల దాగిన కిరసనాయిలు ఊరి, పిండి మీద తడిగీత పడుతుంది. పడలేదు. పొడిగా, తెల్లగా ఉంది. ఆ తెలుపు ఆమెకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

బోల్టు మళ్ళీ బిగించాక గురప్ప ఖాళీ రైఫిలు ఎత్తి నవ్వుతూ పెళ్ళాం వైపు గురిపెట్టాడు. "ఏమ్మే, కాల్చేదా?"

మునిలక్ష్మి ఉలిక్కిపడలేదు. కళ్ళు మూసుకుంది, అంతే. తల మీద నీళ్ళు పోస్తుంటే మూసుకున్నట్టు, అలవాటుగా.

జ్ఞానాంబ గొట్టం పట్టుకుని కిందికి దించింది. "ఖాళీదైనా మనిషి మీదికి ఎత్తగూడదప్పా. అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది అది." ఆ మాటకు అతను నవ్వడం చూసి ఆమెకు ఒళ్ళు మండింది. రేకుడబ్బాలోంచి అదే రకం రైఫిలుది పాత బోల్టు ఒకటి తీసి, కిరసనాయిల్లో ముంచి తుడిచి, ముగ్గుపిండి చల్లి చూపించింది. పిండి మీద తడిగీత నల్లగా లేచింది. "సూడు. ఇట్లాంటిది బిగిస్తే నీ ప్రాణానికి నువ్వే జవాబుదారీ. పాత తుపాకి ఎంత బాగున్నా మొదటి గుండు చేత్తో కాల్చగూడదు. చెట్టుకు కట్టి, ట్రిగ్గరుకు తాడు కట్టి, ఇరవై అడుగుల దూరంలో గట్టు వెనక నిలబడి లాగు. పగిలినా చెట్టుకే."

"అట్లనే లేక్కా" అని గురప్ప, పూజకు పూలూ నిమ్మకాయలూ తెస్తానని మార్కెట్టుకు పోయాడు.

రాజారత్నం ఉన్నప్పటినుంచి ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. చూసి పంపే తుపాకి బొట్టు లేకుండా గడప దాటదు. గొట్టం మీద ఒకటి, కట్టె మీద ఒకటి, బోల్టు పిడి మీద ఒకటి. ఆయన పోయాక జ్ఞానాంబ తన చేత్తో పెట్టడం మానేసింది. వచ్చిన వాళ్ళింటి ఆడవాళ్ళ చేత పెట్టిస్తుంది. కుంకుమ భరిణె మునిలక్ష్మి ముందు పెట్టింది.

"ఈ పొద్దే బయట చేరినానక్కా. ముట్టుకోకూడదు" అంది ఆ పిల్ల తల వంచుకుని.

సరేనని జ్ఞానాంబ పక్కింటి దేవకమ్మను పిలుచుకురావడానికి పోయింది. దేవకమ్మ చీర మార్చుకుని వచ్చి బొట్లు పెట్టేసరికి పది నిమిషాలు పట్టింది.

జరిగింది అంతే.

"చూడు మరి, అంత ఆశగా ఉంటే" అని ఇన్‌స్పెక్టర్ మంచం వైపు చెయ్యి చూపించాడు.

జ్ఞానాంబ కళ్ళద్దాలు తుడుచుకుని విరిగిన బోల్టు ముక్కను అరచేతిలోకి తీసుకుంది. విరిగిన చోట ఇనుము సగం తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం నల్లగా, తుప్పు తాగి ఉంది.

"తెల్లది నిన్న విరిగింది. నల్లది ఎప్పటిదో" అంది మెల్లగా.

"పాత పగులు! నీ నోటితోనే అంటా ఉండావు." ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడు.

ఆమె పెన్ను వైపు చూడలేదు. గొట్టం మీద పసుపు, దాని మీద కుంకుమ. తుపాకి కట్టె మీద గంధంతో సహా బొట్టు. దేవకమ్మ పెట్టినదాని మీద నవమి పూజలో మళ్ళీ దట్టంగా పెట్టారు. బోల్టు పిడి మాత్రం నున్నగా ఉంది. గోటితో సందుల్లో గీరింది. కుంకుమ లేదు, పసుపు లేదు. నూనె, ధూళి, అంతే. నంబరు ఉండాల్సిన చోట ఎప్పుడో అరిగిపోయి ఉంది.

బోల్టును తిప్పింది. పిడి అడుగున మూడు గీతలు. మూడింటినీ కొడుతూ అడ్డంగా ఇంకొకటి.

జ్ఞానాంబ మంచం కోడు పట్టుకుంది.

అది రాజారత్నం ఆకురాయి గీత. పనికిరాదని తేల్చిన ప్రతి ముక్క మీదా ఆయన అలా గీసేవాడు. తర్వాత రెండు ముక్కలుగా కోసి పారెయ్యాలి, అది లైసెన్సు షరతు. ఆయన ఆఖరిగా గీసింది ఈ బోల్టు మీదే. గీసి, నొప్పి అని గుండె పట్టుకుని కూర్చున్నాడు. కొయ్యాలని ఆమె ఎన్నోసార్లు రంపం తీసింది. ఆ గీతల మీద రంపం పెట్టలేకపోయింది. రేకుడబ్బాలో దాచుకుంది. డబ్బాకు తాళం వేసే అలవాటు ఎప్పుడూ లేదు. ఆ డబ్బా జోలికి వచ్చేదెవరు?

అష్టమి నాడు గురప్పకు చూపించిన బోల్టు ఇదే.

"ఏమమ్మా, నోరు పడిపోయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంట్లో వాళ్ళను రెండు మాటలు అడగాల సార్."

"చావింట్లో నీ దర్యాప్తా?"

"పది నిమిషాలు. ఆ పైన సంతకం సంగతి చూద్దాం."

గురప్ప తల్లి వరదమ్మ నడవలో గోడకు చేరగిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. జ్ఞానాంబ ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"పిన్నమ్మా, నవమి నాడు పూజ ఎన్నింటికి చేసినారు?"

"పదకొండింటికి. దేవుని గూటి ముందర పీట మీద పెట్టినాం. రెండు కొడవండ్లు, మడక కర్రు, తుపాకి, అన్నీ."

"ఆ పైన ఎవరన్నా ముట్టుకున్నారా?"

"పూజలో పెట్టినదాన్ని తెల్లారి హారతిచ్చే దాకా ఎవురు ముడతారమ్మీ? నా కొడుకు కూడా ముట్టలేదు. దీపంలో నూనె పొయ్యను కోడలు పొయ్యింటాది, అంతే. తలకు పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, దాని చేతుల్తోనే మూడు చోట్ల బొట్టు పెట్టిందమ్మా. పొంగలి వండింది. నవమి నాడు ముత్తయిదువ, దశమికి ముండమోపి!"

జ్ఞానాంబ మనసులో దినాలు లెక్కపెట్టింది. అష్టమి నాడు బయట చేరిన ఆడది నవమి నాడు దేవుని గూటి ముందు కూర్చుని పసుపు కుంకుమ ముట్టదు. పొంగలి వండదు. అత్త ఉన్న ఇంట్లో అసలే వండదు. ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకు చెప్పినా, ఇదొక సాక్ష్యమా అంటాడు.

"నిన్న పొద్దున ఏం జరిగింది?"

"ఏం జరిగేది! తాడు కట్టి కాల్చమని కోడలు వాని కాళ్ళు పట్టుకునింది. ఆ షాపక్క చెప్పింది గదా అని ఏడ్చింది. 'ఆడోళ్ళ మాట ఇని తుపాకిని ఎద్దు మాదిర చెట్టుకు కట్టేదా, ఊరు నవ్వదా' అని కాలితో నెట్టేసినాడు. పిచ్చిది. మొగుడంటే దానికంత ప్రాణం."

మామిడి చెట్టు ఇంటికి అరవై అడుగుల్లో ఉంది. జ్ఞానాంబ వెనకాలే ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. చెట్టు కింద నెత్తురు మీద ఎవరో బూడిద చల్లారు. చెట్టు మొదలుకు రొమ్ము ఎత్తున కొబ్బరి తాడు రెండు ఉచ్చులుగా బిగించి ఉంది. ఉచ్చుల లోపల మెత్తగా పాతచీర పేలికలు. అక్కడినుంచి సన్నతాడు ఒకటి చెనక్కాయల చేని గట్టు దాకా పరిచి ఉంది. దాని కొస గట్టు అవతల రాయికి చుట్టి ఉంది.

"దూడను కట్టుకునేదానికి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దూడను రొమ్మెత్తులో కడతారా సార్? చీర పేలికలు చుట్టి కడతారా?" ఆమె ముడి దగ్గరికి వంగింది. రెండు చుట్లు, కొసను లోపలికి దోపి, లాగేకొద్దీ బిగిసే ముడి. బావిలో చేదకు ఆడవాళ్ళు వేసేది. మగవాళ్ళు ఎద్దులకు వేసే ముడి వేరు.

"ఈ తాడు ఎవరూ ముట్టుకోకూడదు సార్. ఒక కానిస్టేబుల్ని పెట్టండి."

"తాడుకు కాపలానా?" ఆయన గట్టిగా నవ్వాడు. "ఉండేది ఒక కానిస్టేబులు. వాడు భోజనానికి పొయ్యినాడు. నీ పది నిమిషాలు అయిపోయినాయి."

"ఇంకా మూడు ఉండాయి" అని జ్ఞానాంబ ఇంటి వెనక వాకిలి వైపు నడిచింది.

మునిలక్ష్మి వంటింట్లో చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. చావింట్లో పొయ్యి రాజెయ్యరు. చుట్టాలింటినుంచి వచ్చిన సంగటి తట్టలో అట్లానే ఎండిపోయింది. ఆమె నుదుట బొట్టు ఉంది. పదో దినం దాకా ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో.

జ్ఞానాంబ తలుపు దగ్గరగా వేసి ఎదురుగా కూర్చుంది.

"పాపా, అష్టమి నాడు బయట చేరినానంటివి. ఈ పొద్దుకు నాలుగో దినం గదా. తలకు పోసుకున్నావా?"

మునిలక్ష్మి తలెత్తింది. ఆ చూపులో భయం కంటే అలసట ఎక్కువ ఉంది.

"నీకు తెలిసిపోయింది గదా అక్కా."

"నీ నోటితో చెప్పు."

"అబద్ధం చెప్పినా. నువ్వు అవతలికి పోతే డబ్బాలోది తీసుకుందామని. నువ్వు ఊడదీసేది, బిగించేది బాగా చూసినా. నవమి నాడు దీపానికి నూనె పొయ్యను పోయినప్పుడు బోల్టు మార్చేసినా."

"చంపాలని అనుకుంటివా?"

"తుపాకి చావాలని అనుకుంటినక్కా. చెట్టుకు కట్టి కాలిస్తే పగిలినా మనిషికేం కాదని నువ్వే గదా చెప్పింది! పగిలిపోతే పీడ పోతాదనుకుంటి. తాడు నేనే కట్టినా. పేలికలు నేనే చుట్టినా. కాళ్ళు పట్టుకున్నా. ఇనలేదు."

"మార్చినానని చెప్పేస్తే ప్రాణం మిగిలేది గదే!"

మునిలక్ష్మి గడ్డం పైకెత్తింది. దవడ కింద గుండ్రంగా ఒక మచ్చ, కమిలి, కాయకట్టి, తుపాకి మూతి అంత ఉంది.

"పాత నాటుతుపాకిది. అది అమ్మేసే ఈ రైఫిలు కొన్నాడు. తాగొచ్చినప్పుడంతా ఒకే తావున పెడతాడు. పెట్టి, ట్రిగ్గరు మీద వేలు పెట్టి, నవ్వుతాడు. ఏమని చెప్పేదక్కా? చెప్పాలనే నోరు తెరిసినా. అప్పటికే ఎత్తినాడు."

అష్టమి నాడు ఆ కళ్ళు ఎందుకట్లా మూసుకున్నాయో జ్ఞానాంబకు ఇప్పుడు తెలిసింది.

"ఆ పొద్దు నీ ఇంట్లోకి తొంగి చూసినానక్కా" అంది మునిలక్ష్మి, ఎవరికో చెబుతున్నట్టు. "ఒక తట్ట, ఒక చెంబు, ఒక చాప. అరిసేవాళ్ళు లేరు. తలుపు చప్పుడైతే ఉలికిపడేది లేదు. ఎంత నిమ్మళంగా ఉండాదో అనుకుంటి. ఇట్ల కూడా బతకొచ్చా అనుకుంటి."

నాలుగేళ్ళుగా ఏ చాపను చూస్తే జ్ఞానాంబ మొహం తిప్పుకునేదో, ఆ చాపే. ఏ మౌనాన్ని పోగొట్టడానికి ఆమె గిన్నెలు కావాలని చప్పుడు చేసేదో, ఆ మౌనమే.

"అసలు బోల్టు యాడ పెట్టినావు?"

మునిలక్ష్మి రాగిపిండి కుండ వైపు చూసింది. జ్ఞానాంబ మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి తీసింది. పిండి దులిపితే పిడి మీద కుంకుమ ఎర్రగా, తడి ఆరని దానిలా ఉంది. వేలితో అంచులన్నీ తడిమింది. ఎక్కడా గీత లేదు. పగులు లేదు.

'నేను సరిగ్గానే చూసినా' అనుకుంది. నిన్నటినుంచి ఆ ఒక్క మాట కోసమే ఆమె ఊపిరి బిగబట్టుకుని ఉంది. తీరా దొరికాక అది ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

బోల్టును మళ్ళీ పిండిలో పెట్టెయ్యొచ్చు. పెట్టేసి, సంతకం చేసి పోవచ్చు. అప్పుడు ఈ పిల్లను ఎవరూ అడగరు. కాని చెట్టుకు కట్టిన ఆ తాడు, కాళ్ళు పట్టుకున్న ఆ పొద్దు, దవడ కింది ఆ మచ్చ, ఏవీ ఏ కాగితంలోకీ ఎక్కవు. ఏదో ఒకరోజు పిండికుండలో చెయ్యి పెట్టేది ఈ ఇంటి మనిషే. అప్పుడు మిగిలేది బోల్టు ఒక్కటే. చంపాలనుకోలేదని చెప్పే తాడు ఉండదు.

"లెయ్యి. నేను పక్కన ఉంటా. జరిగింది జరిగినట్టు చెప్పు. తాడు సంగతి ముందు చెప్పు."

తలుపు తీసేసరికి నడవలో గోడ దగ్గర వరదమ్మ లేదు. దేవుని గూటి ముందు పీట మీద పూజ సామాన్లు ఇంకా తియ్యలేదు, మడక కర్రు, ఒక కొడవలి ఉన్నాయి. జ్ఞానాంబ ఆగకుండా వసారాలోకి పోయి, మంచం మీద ఇన్‌స్పెక్టరు కాగితం పక్కన రెండో బోల్టు పెట్టింది.

"ఇదేంది?" అన్నాడు కుప్పుస్వామి.

"నేను చూసి పంపింది. పేలింది వేరేది."

ఆయన రెంటినీ మార్చి మార్చి చూశాడు. మొదటిసారి గొంతులో వెక్కిరింత లేదు. "ఆ పేలింది ఎవురిదమ్మా?"

"నాది. మా ఆయన పనికిరాదని గీత గీసింది. కోసి పారెయ్యాల్సింది నేను. దాచుకున్నా. డబ్బాకు తాళం కూడా పెట్టలేదు. రాసుకోండి."

"ఇది రాస్తే నీ లైసెన్సు పోతాది. తెలిసే అంటా ఉండావా?"

"తెలుసు సార్. కంటికి ఆనలేదని మాత్రం రాయొద్దు. ఆ మాట కొట్టెయ్యండి. ఇంకా రాయాల్సింది చానా ఉండాది. ముందు ఆ తాడు..."

మాట సగంలో ఆగిపోయింది. లోపలి పీట మీద రెండు కొడవళ్ళు ఉండాలి. ఇందాక నడవలోంచి వస్తూ చూసినప్పుడు ఒకటే ఉంది.

జ్ఞానాంబ వాకిట్లోకి ఉరికింది. అరవై అడుగుల అవతల వరదమ్మ, నడుం వంచుకుని, మామిడి చెట్టు దగ్గరికి చేరుతోంది. చేతిలో పసుపు కుంకుమలు పెట్టిన కొడవలి.

"పిన్నమ్మా! కొయ్యొద్దు!"

జ్ఞానాంబ పరుగెత్తింది. చెప్పులు ఊడిపోయాయి. వెనక ఇన్‌స్పెక్టర్ ఏదో అరుస్తున్నాడు. వరదమ్మ మొదటి వేటుకే గట్టు మీదికి పరిచిన సన్నతాడు తెగింది.

"తలుపు ఎనకాల నిలబడి అంతా ఇన్నా!" వరదమ్మ గొంతు ఇప్పుడు స్పష్టంగా ఉంది. "నా కొడుకును మింగినదాన్ని ఈ తాడు కాపాడేదా? మిగలనిస్తానా?"

కొడవలి చెట్టు మొదలు వైపు తిరిగింది. అక్కడ మిగిలింది ఆ రెండు ఉచ్చులు, మునిలక్ష్మి చేత్తో వేసిన ఆ ఒక్క ముడి.

జ్ఞానాంబ అడ్డంగా దూరి, ఆ ముడి మీద రెండు చేతులూ పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఇనుమును తడిమి నిజం చెప్పిన చేతులు.

"జరుగు" అంది వరదమ్మ.

"జరగను."

కొడవలి పైకి లేచింది.